చిన్నమ్మ వేయని టీకా

మా చిన్నమ్మ పోయింది. పోయిన ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "చెల్లె లేదు కొడుకా, సిరిసిల్లకు పోదాం రా" అంది. ఐదు రోజుల జ్వరమట. రక్తం మూడుసార్లు పరీక్షకు పంపారు. డెంగీ కాదన్నారు, మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కూడా కాదన్నారు. ఏది కాదో చెప్పే కాగితాలు మా చేతికి వచ్చాయి గానీ, అది ఏమిటో చెప్పే కాగితం రాలేదు. వైరస్‌ల మీద తన వయసంతా పెట్టిన మనిషి పేరు తెలియని జ్వరంతో వెళ్లిపోయింది.

ఆమె గురించి నేను పత్రికలో రాయడం ఇది రెండోసారి. మొదటిసారి రాసిన దాంట్లో సగం అబద్ధం. ఆ సంగతి ముందు చెప్పుకోకుండా ఆమెను తలచుకునే మొఖం నాకు లేదు.

చిన్నమ్మ నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. సారంగాపూర్ దగ్గర ఊళ్లో మా తాత కల్లు కోసం తాళ్లు గీసేవాడు. తాత పోయాక అమ్మ ఆమెను కోరుట్లలో మా ఇంటికి తెచ్చుకుంది. అమ్మ బీడీలు చుట్టి ఆమెను చదివించింది. సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్లు. అమ్మ చుడుతుంటే చిన్నమ్మ తునికాకు కత్తిరిస్తూ, పక్కన తెరిచి పెట్టుకున్న జంతుశాస్త్రం పుస్తకాన్ని పైకి చదివేది. అమ్మకు అర్థమయ్యేది కాదు. ఆపితే మాత్రం ఊరుకునేది కాదు. "సదువు, సప్పుడు లేకుంటె నాకు నిద్రస్తది" అనేది.

ఆ చదువు చిన్నమ్మను హైదరాబాద్‌లో పరిశోధన దాకా తీసుకుపోయింది. సెలవులకు వచ్చినప్పుడు ఏం చదువుతున్నావని అమ్మ అడిగేది. ఒకసారి చిన్నమ్మ బీడీల చాటలోంచి ఒక కట్ట తీసి చూపించి చెప్పింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"నువ్వు కట్టలు కట్టి కార్ఖానకు పంపుతవు గదక్కా, మన ఒంట్లె ప్రతి కణం గూడ గట్లనే సన్న సన్న కట్టలు కట్టి బయటికి పంపుతది. వాటిని ఎక్సోసోములంటరు. కంటికే గాదు, మామూలు మైక్రోస్కోపుకు గూడ కనబడయి. కణం లోపల ఏమున్నదో గా కట్టల జర జర ఉంటది. లోపట వైరస్ జొచ్చిందనుకో, దాని తునకలు గూడ గా కట్టల బయటికొస్తయి. పక్క కణాలు కట్ట ఇప్పి చూస్కొని, ఓహో దొంగ గిట్లుంటడా అని గుర్తు పడ్తయి."

"అయితె మంచిదే గద" అంది అమ్మ.

"గా కట్టలనే తీసి టీకా లెక్క ఇస్తె ఎట్లుంటదని చూస్తున్నం. దొంగను ఇంట్లకు రానియ్యకుంటనే దొంగ మొఖం చూపిచ్చినట్టు. కని అక్కా, ఒక్కోసారి గా కట్టలనే దొంగ గూడ దాక్కొని కూసుంటడు. గది నాకు బుగులు."

ఆమె పని డెంగీ మీద. ఆ భయం ఉత్తది కాదని ఏడాది తిరగకముందే తెలిసింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలు కావడానికి రెండు రోజుల ముందు చిన్నమ్మ ఇంటికి వచ్చింది. విశ్వవిద్యాలయం మూతపడింది, హాస్టళ్లు ఖాళీ చేయించారు. బస్సు దిగిన మనిషి భుజాన ఒక బట్టల సంచి, చేతిలో పాలక్యాను లాంటి వెడల్పు డబ్బా. దాన్ని దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని వచ్చిందట. పక్క సీటు ఆమె పాలేమో అనుకుని, "ఇరిగిపోవా బిడ్డా గీ ఎండకు" అని అడిగిందట. లోపల ఉన్నది ద్రవ నత్రజని. అందులో గడ్డకట్టిన చిన్న చిన్న సీసాలలో చిన్నమ్మ నాలుగేళ్ల పని ఉంది. బొగ్గు గనుల సమ్మెకు కరెంటు పోతుందని, ప్రయోగశాల ఫ్రీజర్ ఆగిపోతుందని భయపడి, ఎవరినీ అడగకుండా తెచ్చేసింది. ఆమె తన జన్మలో చేసిన ఒకే ఒక్క దొంగతనం అది.

ఇంట్లో దాన్ని ఉంచే వీలు లేదు. నత్రజని ఆవిరైపోతూనే ఉంటుంది, పోస్తూ ఉండాలి. జగిత్యాల పశువుల ఆసుపత్రిలో ఆంబోతుల వీర్యం నిలవ చేయడానికి అదే నత్రజని వాడతారు. అక్కడి డాక్టరు ఆమెకు తెలిసినాయన. ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. అయినా తాళం తీసి, తన పెద్ద డబ్బాలో ఒక మూల చోటిచ్చాడు. మూడు రోజులకోసారి నా బండి మీద ఆమెను తీసుకుపోయేవాణ్ని. ఆమె మూత తీసి, కట్టెపుల్ల లోపలికి దించి, పైకి తీసి, మంచు ఎంత ఎత్తుకు పట్టిందో చూసేది. ప్రతిసారీ మంచు గీత కొద్దిగా కిందికి దిగేది. సమ్మెలో నత్రజని బండి రావడం లేదు.

నేను అప్పుడు ఒక పత్రికకు కోరుట్ల విలేకరిని. రోజూ దీక్షా శిబిరాలు, రోడ్ల మీద వంటావార్పు, రాస్తారోకో, బంద్. రాసిందే రాస్తున్నాను. ఒకరోజు జగిత్యాల నుంచి వస్తుంటే, బండి వెనక కూర్చుని చిన్నమ్మ తన పని ఎంతవరకు వచ్చిందో చెప్పింది. ఎలుకలకు ఆ కట్టలు ఎక్కించి, తర్వాత డెంగీ వైరస్ ఎక్కిస్తే, చాలా ఎలుకలు తట్టుకున్నాయంది. నేను బండి ఆపి వెనక్కి తిరిగి చూశాను.

"పూర్తిగ ఇను" అంది. "కొన్ని తట్టుకోలే. ఉత్తగ ఇడిసిపెట్టిన ఎలుకల కన్న జల్ది సచ్చినయి. డెంగీల గదే ఉన్నది. సగం కాపాడె టీకా లేనిదాని కన్న చెడ్డది. ఎందుకు సచ్చినయో తెలిసెదాక నా దగ్గర టీకా ఉన్నదని నేననలేను."

పూర్తిగానే విన్నాను. రాసింది మాత్రం మొదటి సగమే. 'డెంగీకి టీకా కనుగొన్న తెలంగాణ బిడ్డ' అని జిల్లా పేజీలో పైన వచ్చింది. మనవాళ్లకు ఏమీ చేతకాదని ఎవరో ఎక్కడో అన్న మాటకు అది జవాబు అనుకున్నాను. ఆ వయసులో, ఆ వేడిలో, నాకది అబద్ధంలాగా తోచలేదు.

చిన్నమ్మ పేపరు చదివి మడిచి పక్కన పెట్టింది. నన్ను తిట్టలేదు. "పేపరు ఎంత దూరం పోతది?" అని మాత్రం అడిగింది.

సాయంత్రానికి శిబిరం వాళ్లు ఇంటికి వచ్చారు. సన్మానం చేస్తామన్నారు. రానంటే వినలేదు. కోరుట్ల చౌరస్తాలో టెంటు కింద ఆమెకు శాలువా కప్పారు. ఆమె మైకు అడిగి తీసుకుంది.

"నేను ఏం కనిపెట్టలే. ఎలుకల మీద చూసినం. కొన్నిటికి మంచిగైంది, కొన్ని సచ్చినయి. మనుషులకు ఇచ్చె మందు నా దగ్గర లేదు. జ్వరమొస్తె దవాఖానకు పోండ్రి. ఇంట్ల నీళ్లు నిలవ ఉంచకుండ్రి."

టెంటు వెనక నుంచి ఒక గొంతు, "ఎవలో బెదిరిచ్చిన్రు, పాపం" అంది. పక్కనున్న పెద్దాయన అవునన్నట్టు తలాడించాడు. ఎవరో జై తెలంగాణ అన్నారు, అందరూ అందుకున్నారు. చిన్నమ్మ కూడా చేయి ఎత్తి అంది. హైదరాబాద్‌లో ఆ నినాదానికి బాష్పవాయువు పీల్చిన మనిషి ఆమె. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి వచ్చేసింది. దారిలో నాతో ఒకటే మాట అంది.

"మన కొట్లాట నిజం కొడుకా. నిజమైన కొట్లాటకు అబద్ధం అతికియ్యొద్దు."

ఆ వానాకాలం జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. ప్రతి వీధిలో ఎవరో ఒకరు పడుకునే ఉండేవాళ్లు. వార్త వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు ఒక బండి ఆగింది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే ఆయన. ముందు ట్యాంకు మీద ఐదేళ్ల బిడ్డను కూర్చోబెట్టుకుని వచ్చాడు. బస్సులు లేవు కదా, బండి అడుక్కుని వచ్చానన్నాడు. చొక్కా జేబులోంచి నా వార్త తీశాడు. మడతల దగ్గర చిరిగి ఉంది. అతని పెద్ద బిడ్డ డెంగీతో పోయి పన్నెండు రోజులైంది.

"పెద్దది పాయె మేడం. గిది చిన్నది. దీనికి గా సూది వెయ్యండ్రి" అన్నాడు.

చిన్నమ్మ పిల్లను దగ్గరికి తీసుకుని నుదురు చూసింది, కళ్లు చూసింది, చేతులు తిప్పి చూసింది. పిల్ల బాగానే ఉంది. అమ్మ లోపలినుంచి మర్మరాలు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

"అన్నా, నా దగ్గర ఉన్నది టీకా గాదు" అని మొదలుపెట్టి, చిన్నమ్మ అంతా చెప్పింది. ఎలుకల సంగతి కూడా దాచలేదు. దోమతెర కట్టమంది, నిండా చేతుల అంగీ వేయమంది, మగ్గాల షెడ్డులో నీళ్ల డ్రమ్ములు వారానికోసారి ఒంపమంది.

"గవన్ని పెద్దదానికి గూడ చెప్పిన్రు మేడం" అన్నాడతను.

అతను మళ్లీ అన్నాడు. "కొన్ని ఎలుకలు బతికినయి అంటిరి గద. నా బిడ్డ గా బతికిన దాంట్ల ఉంటదేమో. ఏమన్నయితె నేను మిమ్ముల అనను. కాయితం మీద రాసిస్త."

"మా బాపు తాళ్లెక్కెటోడు. నడుముకు కట్టె మోకు మూడుసార్లు గుంజి చూసినంకనే చెట్టెక్కు అనెటోడు. నేను ఒక్కసారి గుంజిన, అది కట్టు తప్పింది. గా మోకు నీ బిడ్డ నడుముకు ఎట్ల కడుదునన్నా?"

అతను లేచి బిడ్డను ఎత్తుకున్నాడు. నేను బండి దాకా వెంట వెళ్లాను. అతను రెండుసార్లు కిక్ కొట్టాడు, బండి అందుకోలేదు. అప్పుడు నేను ఆ మాట అన్నాను. "జగిత్యాల పశువుల దవాఖానల ఉన్నయి అన్నా, నత్రజని డబ్బల." జాలితో అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి జాలి ఒక్కటే కాదు. నా వార్త ఎక్కడో ఒకచోట నిజం కావాలని నాకు ఉండింది.

మర్నాడు పొద్దున పశువుల డాక్టరు ఫోన్ చేశాడు. గేటు దగ్గర ఒకాయన పిల్లను ఒళ్లో పెట్టుకుని తెల్లవారిన దగ్గర్నుంచి కూర్చున్నాడని, జేబులో కొత్త సిరంజి ఉందని, సీసా ఇస్తే తానే వేసుకుంటానంటున్నాడని చెప్పాడు. చిన్నమ్మ చెప్పులు వేసుకుని బండి దగ్గరికి వచ్చింది. మేడిపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. పొయ్యిలు, గంజులు అడ్డంగా ఉన్నాయి. దవాఖానకు అంటే జరిగి దారిచ్చారు. ఏ దవాఖానకో వాళ్లు అడగలేదు.

గేటు దగ్గర చిన్నమ్మ అతని ముందు కూర్చుంది. "నేనిక్కడ పెట్టిన్నని ఎవలు చెప్పిన్రన్నా?" అంది. అతను నావైపు చూశాడు.

"నేనే" అన్నాను.

ఆమె నావైపు తిరగలేదు. తాళం తీయించి, అతన్నీ పిల్లనూ లోపలికి పిలిచింది. డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ పొర్లి నేల మీదికి దిగింది. పిల్ల నవ్వి దాన్ని తొక్కబోయింది. తండ్రి వెనక్కి గుంజుకున్నాడు. చిన్నమ్మ చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, పట్టకారుతో ఒక్కో సీసా తీసి తేదీ చదువుతూ స్టీలు గిన్నెలో పెట్టింది. అన్నీ వచ్చాక ఆ గిన్నెను, డాక్టరు సూదులు మరిగించే ప్రెషర్ కుక్కర్‌లో దించి మూత బిగించి, గ్యాస్ వెలిగించింది.

డాక్టరు "ఒక్కసారి ఆలోచించమ్మా" అన్నాడు.

"ఆలోచిస్తె చెయ్యలేను సార్" అంది.

కుక్కర్ ఆవిరి పట్టడానికి సమయం తీసుకుంది. ఆ గదిలో ఐదుగురం నిలబడి ఉన్నాం. మొదటి కూత వచ్చినప్పుడు పిల్ల చెవులు మూసుకుంది. చిన్నమ్మ గోడ గడియారం చూస్తూ ఉంది, మంట తగ్గించి, మళ్లీ చూస్తూ ఉంది. అప్పుడు అతను అడిగాడు, కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"నాకియ్యకపోతిరి. మీకు గూడ లేకపాయె. ఎవలకు లాభం మేడం?"

చిన్నమ్మ గడియారం మీంచి చూపు తిప్పలేదు. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. ఆవిరి అనుకోవడానికి కుక్కర్ దూరంగా ఉంది.

తిరిగి కోరుట్ల చేరాక, "బండి మెల్లగ నడుపు" అంది. అంతే. ఆ పని గురించి జీవితంలో మళ్లీ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

వార్త హైదరాబాద్ దాకా కూడా పోయింది. అనుమతి లేకుండా సీసాలు బయటికి తీసుకుపోయినందుకు విచారణ పెట్టారు. ఆమె ఉన్నదున్నట్టు రాసిచ్చింది. పరిశోధన నమోదు రద్దయింది. అప్పీలు చేయమని నేను వెంటపడితే, "తీస్కపోయింది నిజమే గద. నిబంధన పెట్టినోళ్లు పిచ్చోళ్లు గాదు" అంది. నేను సవరణ రాసి పంపాను. లోపలి పేజీలో మూడు లైన్లు వేశారు. దాన్ని చదివి, "రెండో సగం గూడ రాసినవు. ఇగ అన్నం తిను" అని కంచం నా ముందుకు జరిపింది.

రాష్ట్రం వచ్చిన రాత్రి ఊరంతా రోడ్ల మీదే ఉంది. చిన్నమ్మ కూడా అమ్మ చేయి పట్టుకుని చౌరస్తా దాకా వచ్చి రంగు పూయించుకుంది. అప్పటికే ఆమె సిరిసిల్లలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతోంది. ఉద్యోగం జగిత్యాలలో కూడా దొరికేది. సిరిసిల్లే ఎందుకని అమ్మ అడిగితే చెప్పలేదు. నాకు తెలుసు. ఆ మగ్గాలాయన కోసం. వెళ్లి చూస్తే ఆ ఇంటికి తాళం ఉంది. పని వెతుక్కుంటూ భీవండి పోయారన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, భీవండి నుంచి ఎవరొచ్చారని తెలిసినా చిన్నమ్మ వెళ్లి కలిసేది. ఆ పిల్ల గురించి అడిగేది. ఎవరికీ తెలిసేది కాదు.

ప్రతి వానాకాలం ఆమె ముఖం మారిపోయేది. మొదటి ముసురు పట్టగానే మాటలు తగ్గేవి. కాలేజీలో హాజరు తీసుకుంటూ, రాని పిల్లల పేర్ల దగ్గర ఆగేది. సాయంత్రం వాళ్ల ఇళ్లకు నడిచి పోయేది. జ్వరమైతే దవాఖానలో చేరేదాకా కదిలేది కాదు. జ్వరం తగ్గిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని చెప్పేది. "డెంగీల జ్వరం దిగినంకనే అసలు గండం. జనం గప్పుడే మంచిగైందనుకుంటరు" అనేది.

ఆ మగ్గాలాయన, సమ్మె అయిన ఎనిమిదేళ్లకు కనపడ్డాడు. సిరిసిల్ల బస్టాండులో తనే వచ్చి ఎదురుగా నిలబడ్డాడట. చిన్నమ్మ అడగకముందే అతనే చెప్పాడట. "చిన్నది మంచిగనే ఉన్నది మేడం. తొమ్మిదో తరగతికొచ్చింది. కని మీ మీద నాకు కోపం పోలే. పోదు గూడ."

ఈ సంగతి చెప్పినప్పుడు నేను, "ఇప్పటికన్న నిమ్మళమైందా చిన్నమ్మా?" అన్నాను.

"నేనియ్యకపోతె బతికిందని ఎట్లంటవు? దోమ కుట్టలేదేమో. కుట్టినా తట్టుకున్నదేమో. ఇస్తె ఏమవుతుండెనో గూడ తెల్వది. నేను చేసింది కరెక్టో కాదో చెప్పె ఎలుక లేదు కొడుకా."

కరోనా వచ్చి పోయాక, ఎక్సోసోములతో వైరస్‌లకు టీకాలు చేసే పని చాలాచోట్ల నడుస్తోందని ఫోన్‌లో చదివి చూపించింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ అక్షరాలను దగ్గరగా పెట్టుకుని చదివింది. ఆమె ముఖంలో అసూయ కోసం వెతికాను. లేదు. "వస్తది. ఎవలో ఒకలు తెస్తరు. నేను ఆగిన కాడ వాళ్లు గూడ ఆగిండ్రు చూడు, దొంగ కట్టల కూసున్న కాడ" అని వేలితో ఒక వాక్యం చూపించింది. కాసేపయ్యాక ఫోన్ పక్కన పెట్టి, "కని అది వచ్చెలోపల ఇంకోటి వస్తది. మనం పేరు పెట్టనివి శాన ఉన్నయి" అంది. బయట మగ్గాల చప్పుడు మామూలుగానే వినిపిస్తోంది. నాకెందుకో ఆ గదిలో ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాలేదు.

అంత్యక్రియలు అయిపోయాక సామాను సర్దడానికి అమ్మ, నేను ఆమె గదికి వెళ్లాం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లే మంచం బయటపెట్టారు, గది కడిగారు. అమ్మ ఏమీ ముట్టుకోకుండా గడప మీద కూర్చుంది.

దిండు కింద ఒక తెల్ల కాగితం దొరికింది. స్కేలుతో గళ్లు గీసి ఉంది. జ్వరం మొదలైన రోజు నుంచి నాలుగు గంటలకోసారి ఎంత వేడి ఉందో, ఎన్ని నీళ్లు తాగిందో, ఒంటి మీద ఏమి కనపడిందో తన చేత్తోనే రాసుకుంది. రెండో రోజుకు అక్షరాలు వంకర పోయాయి. నాలుగో రోజుకు అంకెలు మాత్రమే ఉన్నాయి. ఐదో రోజు పొద్దున ఒక అంకె సగం రాసి ఉంది. దాని కింద ఆరో రోజుకు, ఏడో రోజుకు, పదో రోజుదాకా గళ్లు గీసి, తేదీలు వేసి ఉంచింది. కాగితం పైన 'జ్వరం పేరు' అని రాసి, పక్కన చాలా చోటు వదిలింది.